టోక్యోల ఆగిన ఒక్క పగలు

కరోనా పోయి విమానాలు మళ్ళ మామూలుగ తిరగబట్టిన రెండో ఏడు. నేను పటాన్‌చెరుల ఒక ఉక్కు ఫౌండ్రీల క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ను. ఫౌండ్రీ అంటే ఉక్కును కరిగించి, అచ్చుల్ల పోసి పార్టులు చేసే ఫ్యాక్టరీ. అప్పటికి నాది పంతొమ్మిదేండ్ల సర్వీసు. పొద్దున సంగారెడ్డిల కంపెనీ బస్సు ఎక్కుడు, పార్టుల లోపల బోలు ఉన్నదా లేదా చూసుడు, ఇదే పని.

పైకి నున్నగ ఉన్న ఉక్కుల కూడా ఒక్కోసారి గాలి బుడగ ఉండిపోతది. దాన్ని పట్టేది అల్ట్రాసోనిక్ టెస్ట్. పార్టుకు జెల్ రాసి, ప్రోబ్ అనే చిన్న బిళ్ళను జరుపుతుంటే, లోపలికి పోయిన శబ్దం తిరిగొచ్చి తెర మీద గీతలెక్క లేస్తది. లేవకూడని చోట లేచిందంటే లోపల బోలు ఉన్నట్టే.

ఆ ఏడు కంపెనీ నన్ను పది రోజుల ట్రైనింగుకు అమెరికా పంపింది. విమానం ఎక్కుడు అదే మొదటిసారి. దారిల టోక్యోల ఒక పగలంత ఆగాలె. ఆ సంగతి తెలిసి మా జపాన్ కస్టమర్ మెయిల్ పెట్టిన్రు, రిపోర్టుల మీద సంతకం చేసే మేడంను ఒకసారి కలవాలని. మా ప్రొడక్షన్ మేనేజర్ రావు గారు కోస్తా నుంచి ఎన్నడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఆయన సంబరానికి అంతులేదు.

"మెచ్చుకోడానికే పిలుస్తున్నారమ్మా. ఓ స్వీటు డబ్బా పట్టుకెళ్ళు."

టోక్యో ఎయిర్‌పోర్టుకు వాళ్ళ క్వాలిటీ మేనేజర్ తనాకా గారే కారు తెచ్చిండు. గంటసేపు నేను కిటికీల నుంచి రోడ్లు, ఇండ్లు చూసుకుంట మురిసిపోయిన. ఫ్యాక్టరీల నన్ను ఒక రూముకు తీస్కపోయిండు. టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి ఉన్నది. దాని మీద మా లిఫ్టింగ్ ఆర్మ్, రెండు ముక్కలై. బరువులు లేపే మెషిన్‌కు పట్టే పార్టు అది. పక్కన నా రిపోర్టు, కింద నా సంతకం.

ఒక పీస్ విరిగిందని, బదులు ఇంకోటి పంపినమని నాకు తెలుసు. అంతకుమించి ఎవ్వరు చెప్పలె.

తలుపు కాడ ఒకామె వచ్చి నిలబడ్డది. యాభై దాటి ఉంటయి. కుడిచేతికి మూడు వేళ్ళు లేవు.

"ఈమె మోరి గారు," అన్నడు తనాకా గారు ఇంగ్లీషుల. "ఇది విరిగినప్పుడు ఆమె చెయ్యి కింద ఉంది."

నా చేతుల స్వీటు డబ్బా అట్లనే ఉండిపోయింది. ఎక్కడ పెట్టాల్నో కూడా తోచలె.

ఆమె ఏదో అడిగింది. దీన్ని ఎట్ల పరీక్ష చేస్తరో చూడాలంటున్నదని ఆయన చెప్పిండు. అదే లాటుల, అంటే దానితోని ఒక్కసారే పోసిన సరుకుల వచ్చి, ఇంకా వాడని ఆర్మ్ ఒకటి ముందర పెట్టిన్రు. వాళ్ళ టెస్ట్ మెషినే ఇచ్చిన్రు. జెల్ రాసి ప్రోబ్ జరిపిన. నాలుగు నిమిషాలు కూడా కాలె. లేవకూడని చోట గీత నిలువున లేచింది.

ఆమె తెరను చూసింది. నన్ను చూసింది. చిన్నగ ఒక మాట అన్నది. తనాకా గారు చెప్పిండు.

"ఇంతసేపేనా పట్టేది, అంటున్నారు."

ఆ లాటు పంపిన రోజు మా ప్రోబ్ కేబుల్ తెగిపోయింది. లారీ గేటు కాడ ఉన్నది. "ఎప్పుడూ వచ్చే మాలే కదమ్మా, పోయిన లాటు రీడింగులే వేసెయ్," అన్నరు రావు గారు. వేసిన. నన్ను ఎవ్వరు బెదిరించలె.

"నేను టెస్ట్ చెయ్యలె," అన్న. "చేసినట్టు రాసిన."

దాన్ని జపనీస్‌ల చెప్పనీకి ఆయనకు చానసేపు పట్టింది. అంతా విని మోరి గారు ఎడమచేత్తో తలుపు మెల్లగ మూసుకుని పోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండు.

ఎయిర్‌పోర్టు నుంచే రావు గారికి ఫోన్ చేసిన.

"సార్, ఆ లాటుల పీసులు ఎక్కడెక్కడికి పోయినయో అన్ని చోట్ల వాడుడు ఆపించుండ్రి."

"ఏం చెప్పొచ్చావమ్మా వాళ్ళకి?"

"నిజం చెప్పిన."

"మతి ఉందా నీకు? కంపెనీ ఏమవుతుందో తెలుసా?"

"ఒకామె వేళ్ళు పోయినయ్ సార్."

ఆ లాటు నంబర్ అడిగి రాసుకున్నరు. "ఆపిస్తాను," అన్నరు ఆఖరికి.

అమెరికాల ఏం నేర్చుకున్ననో నాకు గుర్తు లేదు. తిరిగొచ్చినంక, వాపస్ తెప్పించిన పీసులన్నీ నేనే కూసోని టెస్ట్ చేసిన. ఇంకో రెండింటిల బోలు దొరికింది. అవి ఇంకా మెషిన్లకు ఎక్కలె. ఎంక్వైరీల రావు గారు, "రాయమన్నది నేనే," అని తనంతట తనే ఒప్పుకున్నరు. నేననుకోలె. ఆయనను వేరే డిపార్ట్‌మెంట్‌కు మార్చిన్రు. నా ప్రమోషన్ ఆగిపోయింది. ఆ కస్టమర్ మళ్ళ ఆర్డర్ ఇయ్యలె.

మోరి గారికి మాఫీ అడుగుత మూడుసార్లు ఉత్తరం రాసిన. ఒక్కదానికి కూడా జవాబు రాలె. ఇయ్యాల్సిన పని ఆమెకు లేదు.

ఇప్పుడు టెస్ట్ మెషిన్ చెడిపోయిన రోజున, రిజల్ట్ రాసే గడిల "టెస్ట్ చెయ్యలేదు" అని రాసి సంతకం పెడుత. రెండే మాటలు. మాల్ ఆగుతది, ఆఫీసుల కోపం జేస్తరు, తెల్లారి మళ్ళ పని నడుస్తది. ఆ గడిల అట్ల కూడా రాయొచ్చని పంతొమ్మిదేండ్లు నాకు తట్టనే లేదు.