ఖాళీ మిషన్ మీద కామేశ్వరరావు గారు

సోమవారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు నా స్క్రిప్ట్ ఏ తప్పూ చూపకుండా ముగిసింది. టీ తెచ్చుకుందామని లేస్తుంటే ఫోన్ వచ్చింది. కామేశ్వరరావు గారు పోయారు. మయూర్ విహార్‌లో, ఇంట్లోనే, గుండెపోటు. మళ్లీ కూర్చుని, చేసేదేమీ లేకపోయినా ఆ స్క్రీన్‌నే చూస్తూ ఉండిపోయాను.

ఆయనది విజయనగరం. నోయిడాలోని మా ఆఫీసులో నాకు పని నేర్పిన సీనియర్. మేం రాసిన ప్రోగ్రాములను కస్టమర్ల లైనక్స్ మిషన్లలో, అంటే కంప్యూటర్లలో, ఎక్కించేందుకు వీలుగా ప్యాకేజీలు తయారుచేసేవాళ్లం. ఆ పనిని స్క్రిప్టులు చేస్తాయి. ప్రోగ్రాముకు ముందుగా ఏమేం ఉండాలో స్క్రిప్టులో రాయాలి. ఏదైనా లేకపోతే అది ఆగి, లేనిదాని పేరు చెప్పాలి. ఆయన పట్టుదలంతా దీని మీదే.

ప్రతి శనివారం ఉదయం ఒక పాత మిషన్‌ను తుడిచేసి, లైనక్స్ తప్ప ఇంకేమీ లేకుండా చేసి, ఆ వారం మేం రాసిన ప్రతి స్క్రిప్టునూ దాని మీద నడిపేవారు. మొదటిసారి నాది ఆగిపోయింది.

"నా మిషన్ మీద మంచిగనే వచ్చింది సార్."

"నీ మిషన్ నీ వంటిల్లమ్మా. డబ్బాలన్నీ ఉంటాయి. పక్కింట్లో వండి చూడు, ఉప్పెక్కడుందో అడగాల. మీ వరంగల్లో అడగరేటి?"

"మాకు కారం చాలు సార్, ఉప్పు అడగం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

ఒక శనివారం ఆయన సెలవు పెట్టి, ఆ పని నాకు అప్పగించారు. ఆ వారం నడపాల్సింది ఫరీదాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీకి లేబుళ్లు ముద్రించే ప్రోగ్రాము. ముద్రణకు కావలసిన లైబ్రరీ, అంటే సహాయక ప్రోగ్రాము, లేదని స్క్రిప్ట్ ఆగింది. దాన్ని వెతకడానికి బద్ధకించి, తప్పు వచ్చినా ఆగకుండా ముందుకు పొమ్మని ఒక లైను రాశాను. ప్యాకేజీ తయారైంది. సోమవారం ఆయన "చూసేవా?" అని అడిగారు.

"చూసిన సార్. అంతా మంచిగుంది."

ఫ్యాక్టరీలో లేబుళ్లు రాలేదు. మీటింగ్‌లో మేనేజర్ "యే కిస్‌నే చెక్ కియా?" అని, దీన్ని ఎవరు చూశారని అడిగితే నేను నోట్‌బుక్‌లోకి చూశాను. "మేరీ జిమ్మేదారీ థీ" అని, బాధ్యత తనదేనన్నారాయన. ప్యాకేజీల పని నుంచి ఆయన్ని తప్పించి, మాన్యువళ్లు రాయమన్నారు. బయటికొచ్చాక నాతో ఒక్క మాటే అన్నారు: "స్క్రిప్ట్ ఆగితే పరువు పోదమ్మా."

నా లైను ఆయన అప్పటికే తీసేశారు. దాని చోట, ఏది లేదో, ఎక్కడ దొరుకుతుందో చెప్పే రెండు వాక్యాలు ఉన్నాయి. ఏ లైను ఎవరు రాశారో ఫైలు చరిత్రలో కనిపిస్తుంది. ఆయన చూడకుండా ఉండరు. ఏడాదిగా చెబుదామనుకుంటూనే ఉన్నాను. క్యాంటీన్లో ఎదురుగా కూర్చుని ఎండల గురించి మాట్లాడాను.

నిన్న వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య నన్ను గుర్తుపట్టారు. "వరంగల్ అమ్మాయివి నువ్వే కదా? 'ఆ పిల్ల నాకేదో చెప్పాలనుకుంటంది, తొందరపెట్టకూడదు' అనేవోరు. ఏటమ్మా అది?"

"ఏం లేదు ఆంటీ" అన్నాను.

నేను ఇది రాస్తున్న ఈ పత్రిక మీ ఇంటికి వస్తుంది ఆంటీ. ఆ లైను రాసింది నేను. అంతా బాగుందని అబద్ధం చెప్పిందీ నేనే. ఆయనకు చెప్పాల్సింది అదే.

ఆయన్ని తప్పించిన నెలలోనే ఆ పాత మిషన్‌ను రిసెప్షన్‌కు ఇచ్చేశారు. మా ఆఫీసులో ఇప్పుడు శనివారం ఖాళీ మిషన్ మీద ఎవరూ స్క్రిప్టులు నడపడం లేదు.