నిద్రపోతేనే బేరం

మా బాబాయి నిద్రపోని మనిషికి పరుపు అమ్మడు.

అమ్మడంటే మాటవరసకి కాదు. డబ్బు చేత్తో పట్టుకుని, బండి వాకిట్లో నిలబెట్టుకుని, “ఏదో ఒకటి పడేయండి, వెళ్లిపోతాం” అన్నవాళ్లని కూడా వట్టి చేతులతో పంపించిన ఘనుడు. ముందు చెప్పులు విప్పాలి. పరుపెక్కాలి. ఒళ్లు మరిచి నిద్రపోవాలి. లేచాక, ఇంకా కావాలనిపిస్తే, అప్పుడు బేరం.

“పడుకుని చూశాను కదండీ, బానే ఉంది” అని ఎవరైనా అన్నారా, దొరికిపోయారే!

“పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరు” అంటాడు బాబాయి గుసగుసగా. “పడుకోవడానికి చాప చాలు. పరుపు దేనికి?”

గుసగుస అన్నాను కదా, ఆయన గొంతే అంత. ఇన్నేళ్లుగా నిద్రపోయేవాళ్ల మధ్య తిరిగి తిరిగి అక్కడే ఆగిపోయింది. తిట్టినా గుసగుసే. “ఒరేయ్ గాడిదా, బుద్ధుందా నీకు” అని ఆయన నా చెవిలో అంటుంటే, దూరం నుంచి చూసేవాళ్లు నాకేదో ఆస్తి రాసిస్తున్నాడనుకునేవారు. మా పిన్నితో పోట్లాడినా అంతే. అంత అన్యోన్యమైన జంట ఇంకోటి లేదని పక్కింటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నిద్ర అసలుదా నకిలీదా తేల్చడానికి ఆయన దగ్గర ఒక పరీక్ష ఉంది. కళ్లు మూసుకున్న మనిషి చెవి దగ్గరికి వంగి, “సగం ధరకే ఇచ్చేస్తున్నాను” అంటాడు. కదలకపోతే పాసు. ఒకావిడ స్ప్రింగులా లేచి కూర్చుంది.

“చూశారా, మీరు నిద్రపోలేదు” అన్నాడు బాబాయి.

“సగం ధరన్నారుగా?”

“అది పరీక్షమ్మా.”

“నిద్రపోయుంటే ఇచ్చేవారా?”

“నిద్రపోయుంటే మీకు వినపడేదే కాదుగా!”

ఆవిడ గుమ్మం దాటేదాకా లెక్క తేల్చుకోలేకపోయింది. నాకూ ఇంకా తేలలేదు.

నేను చదువు మానేసిన కొత్తల్లో ఆ షాపులో చేరాను. నేను వెళ్లిపోయిన దెబ్బకి కాలేజీ ఇంకా కోలుకోలేదంటారు, అది వేరే సంగతి. నా మాటకారితనంతో చేపకి గొడుగు అమ్మగలనని మా ఇంట్లో అందరికీ తెలుసు. వారం తిరిగేసరికి షాపంతా ఊడ్చి అమ్మేస్తానని పిన్నికి మాటిచ్చి మరీ అడుగుపెట్టాను. మొదటి రోజే ఒక పెద్దాయన్ని నిద్రలేపి, పరుపు గొప్పతనం వర్ణించబోయాను. బాబాయి నా చొక్కా పట్టుకుని గోడౌన్‌లోకి లాక్కెళ్లాడు.

“నిద్రపోయేవాణ్ని లేపుతావా? ఇది పరుపుల షాపా, బస్టాండా?”

“బేరం పోతుందని బాబాయ్...”

“బేరం పోతే రేపొస్తుంది. పోయిన నిద్ర వస్తుందా?”

ఆ నిద్రలు మాత్రం చూసి తీరాల్సినవి. బస్సు డ్రైవరొకాయన నిద్రలో గేర్లు మార్చేవాడు. పక్క మంచం మీదాయన మోకాలు ఆయనకి గేరు రాడ్డు. స్కూలు మాస్టారొకాయన నిద్రలోనే హాజరు పిలిచేవాడు. ఆయన “పదిహేడు!” అంటే మూల నుంచి ఎవరో నిద్రలోనే “ప్రెజెంట్ సార్” అనేవారు. నేను మాత్రం నోరు మెదిపేవాణ్ని కాదు. హాజరు పిలిస్తే పలకడం నాకు మొదట్నుంచీ అలవాటు లేదు. ఒక లావుపాటాయన గురక గాలికి ధరల చీటీలన్నీ లేచి, ఖరీదైన పరుపు చీటీ చవక పరుపు మీద వాలింది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇంత జనం లోపలున్నా, వీధిలోకి మాది ఖాళీ షాపే. ఎందుకంటే ముందున్న అద్దం మీద నడుం ఎత్తు దాకా షాపు పేరు బారెడు అక్షరాలతో రాసుంది. నిలబడ్డవాళ్లే బయటికి కనిపిస్తారు. మా షాపులో నిలబడేది బాబాయి ఒక్కడే. దారినపోయేవాళ్లు తొంగిచూసి, “పాపం, ఈ షాపు పడుకుంది” అనేవాళ్లు. పడుకుంటేనే కదా మా వ్యాపారం లేచేది!

నాకూ అనుమానం వచ్చి అడిగాను. “రోజుకొక్కటైనా అమ్మం. షాపెలా నడుస్తోంది బాబాయ్?”

“పరుపేమన్నా పాలురా, సాయంత్రానికి విరిగిపోవడానికి? ఉన్నచోటే ఉంటుంది. ఒక్కటి పోతే వారం గడుస్తుంది. ఇక్కడ కంటినిండా నిద్రపోయినవాడు ఇల్లు మారినా, మంచం విరిగినా మన దగ్గరికే వస్తాడు. ఊరికే రాడు, బావమరిదిని కూడా తెస్తాడు.”

“మరి ఆ నర్సమ్మ? రోజూ ఆసుపత్రిలో డ్యూటీ దిగి తిన్నగా వచ్చి పడుకుంటుంది. రెండేళ్లయిందట. ఇంతవరకూ దిండు గలీబు కూడా కొన్లేదు.”

“ఆవిడింకా తేల్చుకోలేదు” అన్నాడు బాబాయి.

“డ్రైవరు?”

“తేల్చుకుంటున్నాడు.”

“ఇంట్లో ఏడుగురితో ఒకే గదిలో ఉంటానంటాడే, ఆ రంగులేసేవాడు? ఆ గదిలో పరుపు పట్టే చోటే లేదు కదా?”

“చోటు సంగతి కూడా తేల్చుకోవాలి కదరా.”

ఇంత అమాయకుడు వ్యాపారం ఎలా చేస్తాడా అని జాలిపడ్డాను.

మధ్యాహ్నం పూట మాత్రం ఆయన నన్నొక గంటసేపు టీకొట్టుకి తరిమేవాడు. ఒకరోజు టీకొట్టు మూసుంటే తొందరగా తిరిగొచ్చాను. గోడౌన్‌లోంచి సన్నగా ఏదో ఏడుపు.

“బాబాయ్, లోపల ఏదో పిల్ల గొంతులా ఉందే?”

ఆయన తలుపు సందులోంచి తల మాత్రం బయటపెట్టాడు. “పిల్ల కాదురా, పిల్లి. పో, టీ తాగి రా.”

“కొట్టు మూసుంది.”

“అయితే తెరిచేదాకా అక్కడే నిలబడు!”

నా బుర్ర పాదరసం. ఎక్కడ ఏం జరుగుతోందో ఇట్టే పట్టేస్తాను. మర్నాటి నుంచి ఆ పిల్లికి గ్లాసుడు పాలు తెచ్చిపెట్టడం మొదలుపెట్టాను. గ్లాసు రోజూ ఖాళీ అయ్యేది. బాబాయి కాస్త ఒళ్లు చేశాడు.

ఇలా సాగుతుండగా మేడమీదాయన దిగొచ్చాడు. ఆ భవనం ఆయనదే. భార్య, కొడుకు, కోడలు, నాలుగు నెలల మనవడితో పైనే ఉంటాడు. కొడుకు ఉద్యోగం మీద వారంలో సగం రోజులు ఊళ్లు తిరుగుతాడు. ఈయన పని బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చోవడం, దిగినప్పుడల్లా మా అద్దంలోంచి తొంగిచూడ్డం. సరిగ్గా కిందున్న మా గుమ్మం పైనుంచి కనిపించదు. గొంతు మాత్రం మైకు మింగినట్టుంటుంది.

“ఏవయ్యా! పొద్దున్నుంచీ చూస్తున్నా, లోపల ఈగ లేదు! అద్దె మాత్రం ఠంచనుగా ఇస్తావు! ఎక్కణ్నుంచి తెస్తున్నావు? ఈ పరుపుల్లో దూది కాకుండా ఇంకేం దాస్తున్నావు?”

“కొబ్బరిపీచు కూడా ఉంటుందండీ” అన్నాడు బాబాయి.

“ఏంటా గుసగుసలు? తప్పు లేనివాడు గట్టిగా మాట్లాడతాడు! జిమ్ము పెడతానని ఒకాయన తిరుగుతున్నాడు. రేపు మధ్యాహ్నం ఆయన్ని వెంటబెట్టుకుని వస్తాను. షాపులో మనుషులు కనిపించారా, సరే. లేదా, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి!”

బాబాయి చేతులు జోడించాడు. “మధ్యాహ్నం వద్దండీ. సాయంత్రం రండి, దయచేసి.”

“ఓహో! మధ్యాహ్నం ఏదో ఉందన్నమాట! అయితే మధ్యాహ్నమే వస్తా!”

ఆ రోజు బాబాయి అన్నం ముట్టలేదు. షాపు తప్ప ఇంకో పని తెలియని మనిషి. నేను ఆయన భుజం తట్టి, “నేనున్నాను కదా” అన్నాను. ఇలాంటి కష్టాలు నాకు ఎడమచేతి పని. టీకొట్టు మిత్రులు ఆరుగుర్ని పోగేశాను.

“రేయ్, మీరు కొనడానికొచ్చినవాళ్లు. అటూఇటూ తిరగండి, తలలు బయటికి కనిపించాలి. చచ్చినా కూర్చోకూడదు!”

“ఇంతేనా?” అన్నారు వాళ్లు. నేను ధైర్యంగా వీధి చివర కాపలా కాయడానికి వెళ్లాను. మేడమీదాయన, పక్కనే తలుపంత వెడల్పున్న జిమ్మాయన మెట్లు దిగడం చూసి పరిగెత్తుకొచ్చాను. అద్దంలోంచి చూస్తే ఒక్క తల లేదు! లోపలికెళ్తే ఆరుగురూ ఆరు పరుపుల మీద, నోళ్లు తెరుచుకుని. ఎంత లేపినా కదలరే! చెవి దగ్గర వంగి బాబాయి చెప్పే ఆ సగం ధర మాట నేనూ చెప్పి చూశాను. అందరూ పాసు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

“చూశారా! చెప్పానా! ఖాళీ! ఒక్క నరపురుగు...”

“ష్‌ష్!” అంది నర్సమ్మ, దుప్పట్లోంచి తల పైకెత్తి. “మేం మనుషులం కామా?”

మేడమీదాయన అప్పుడు కిందికి చూశాడు. మంచం మంచానికీ ఒకరు. డ్రైవరు గేరు మార్చాడు. మాస్టారు “పద్దెనిమిది!” అన్నాడు.

“వీళ్లంతా ఎవరు?” మేడమీదాయన గొంతు తనకే తెలియకుండా సగానికి దిగింది.

సరిగ్గా అప్పుడే గోడౌన్‌లోంచి కేర్‌మని ఏడుపు.

“పిల్లండీ! పిల్లి!” అన్నాన్నేను చటుక్కున.

“నా మనవడి గొంతు నాకు తెలీదట్రా!”

గోడౌన్ తలుపు తీసుకుని బాబాయి బయటికొచ్చాడు. భుజమ్మీద తువ్వాలు, తువ్వాలు మీద పసివాడు. వాడి వీపు మీద మెల్లగా తడుతూ, అటో అడుగు ఇటో అడుగు వేస్తూనే ఉన్నాడు.  మేడమీదాయన చూపు మూలకి పోయింది. అక్కడ ఆడవాళ్ల కోసం తెర కట్టిన మంచం ఒకటుంది. తెర కింద ఆయన కోడలి చెప్పులు, పక్కన పసివాణ్ని తిప్పే తోపుడుబండి.

“బాబుకి గాలి తగులుతుందని రోజూ పార్కుకి తీసుకెళ్తున్నానంది!” ఆయన విసురుగా తెరవైపు నడిచాడు.

బాబాయి అడ్డం నిలబడ్డాడు. ఎవరికీ ఎదురుచెప్పని మనిషి, పసివాణ్ని ఎత్తుకునే, గోడలా నిలబడ్డాడు.

“తెర తియ్యకండి. లేస్తుంది.”

“నా కోడల్ని నేను...”

“రాత్రంతా వీడు నిద్రపోనివ్వలేదట. మెట్ల మీద కూర్చుని తూలుతుంటే నేనే పిలిచాను. షాపు ఖాళీ చెయ్యమంటే చేస్తానండీ, పోట్లాడను. కానీ ఆ మాట ఇంకో అరగంట ఆగి చెప్పండి. ఆ అమ్మాయి లేచాక.”



“ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు మేడమీదాయన. ఈసారి అది నిఖార్సయిన గుసగుస. ఆయన జీవితంలో మొదటిది.

“వీడు పుట్టిన నెల నుంచి. ఇంకా తేల్చుకోలేదు.”

అప్పుడు, నా పాదరసం బుర్రకి కూడా, ఆ షాపులో ఎవరు ఏం తేల్చుకుంటున్నారో తేలింది.

మేడమీదాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. “మా ఇంట్లో పరుపుల్లేక నీ షాపుకొచ్చిందనుకుంటారు! అన్నిట్లోకీ ఖరీదైనది పైకి పంపించు. ఇప్పుడే!”

“అమ్మను” అన్నాడు బాబాయి.

“ఏం? మేం నిద్రపోయి చూపించాలా?”

“మీ ఇంట్లో పరుపు బంగారంలా ఉందండీ, మీ అబ్బాయి ఇక్కడ నిద్రపోయి కొన్నదే కదా. లేనిది పరుపు కాదు. వీణ్ని ఒక గంట ఎత్తుకునే చెయ్యి.”

మేడమీదాయన కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. బాల్కనీ కుర్చీ చేతుల మీద తప్ప ఇంకెక్కడా ఆనని చేతులు. తర్వాత వాటిని ముందుకి చాచాడు.

“మెడ కింద చెయ్యి పెట్టండి. అలాగ. భయపడకండి, వాడు మీకంటే గట్టివాడు.”

పసివాడు తాత మీసం పిడికిట పట్టుకుని, ఒకసారి లాగి చూసి, సంతృప్తిగా కళ్లు మూశాడు. తాత కదిలితే ఒట్టు.

“ఏవండీ, మరి మన జాగా?” అన్నాడు జిమ్మాయన.

“ష్!” అన్నాడు మేడమీదాయన, మీసం వదిలించుకోకుండానే. “జాగా లేదు. కావాలంటే మీరూ ఓ కునుకు తీసి వెళ్లండి.”

అలా మా షాపు నిలబడింది. ఇదంతా నా ఆరుగురు మిత్రుల వల్లేనని నేను ఊరంతా చెప్పుకున్నాను. బాబాయి కాదనలేదు. కోడలు మర్నాటి నుంచి రావడం మానేసింది. మధ్యాహ్నం పూట తాత మనవణ్ని ఎత్తుకుంటున్నాడని, తను సొంత మంచం మీద హాయిగా నిద్రపోతోందని మెట్ల మీద కనిపించి చెప్పింది. మూల మంచం వారం రోజులు ఖాళీగా ఉంది. అది చూసినప్పుడల్లా బాబాయి లాటరీ తగిలినట్టు నవ్వుకునేవాడు.

ఎనిమిదో రోజు ఎండ వేళ తలుపు మెల్లగా తెరుచుకుంది. మేడమీదాయన భార్య! చెదిరిన జుట్టు, చంకలో సొంత దిండు.

“అన్నయ్యగారూ, మీరు మా ఆయనకి ఎత్తుకోవడం నేర్పారు, బానే ఉంది. ఇప్పుడాయన జోలపాటలు కూడా మొదలుపెట్టారు. ఆ గొంతు మీరు విన్నారుగా! పసివాడు అలవాటుపడ్డాడు, కోడలు చెవుల్లో దూది పెట్టుకుంది. నా గతేమిటి?”

బాబాయి వెంటనే తెర పక్కకి లాగి, దుప్పటి దులిపి పరిచాడు. ఆవిడ దిండు సర్దుకుని ఒరుగుతూ అడిగింది.

“ఎంతసేపు ఉండొచ్చు?”

బాబాయి చెవి పైకప్పు వైపు తిప్పి, పైనుంచి వస్తున్న పాటని కాసేపు శ్రద్ధగా విన్నాడు.

“ఇంకా మొదటి చరణమేనమ్మా” అన్నాడు గుసగుసగా. “నిదానంగా నిద్రపోండి.”