వయొలిన్ ఆగాల్సిన చోటు

పాముచెవులు అన్నది స్టూడియోలో ఆయనకు పడిన పేరు. ఇరవై ఆరేళ్ళు ఒకే రికార్డింగ్ స్టూడియోలో పనిచేశాడు. పదిమంది కలిసి వాయిస్తుంటే అందులో ఒకరి తీగ వెంట్రుకవాసి దిగిందని అద్దం వెనక కూర్చునే కనిపెట్టేవాడు. పాడే మనిషి జేబులో తాళంచెవులు ఉన్నాయనీ, గిటార్ వాయించేవాడి కుర్చీకి ఒక కాలు కురచ అనీ ఆయన చెప్పాకే మిగతావాళ్ళకు వినిపించేది. "ఈయన ఉండగా గొణుక్కోవడం కూడా ప్రమాదమేరా" అని వెనక నవ్వుకునేవాళ్ళు. ఆ మాటా ఆయన చెవిన పడేది. లోలోపల మురిసిపోయేవాడు.

ఆయన చేసేది మిక్సింగ్. గొంతు ఒక రోజు, గిటార్ ఒక రోజు, డ్రమ్ములు ఇంకో రోజు విడివిడిగా రికార్డు చేసి తెస్తే, అన్నింటినీ ఒక్క పాటగా కలపాలి. గ్రూప్ ఫోటో తీసేవాడిలా ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనక నిలబడాలి, ఎవరు ఒక్క అడుగు పక్కకు జరగాలి అని చూసుకోవాలి. బాగా చేస్తే ఎవరో చేశారన్న సంగతే తెలియదు. పాడినవాళ్ళకు పేరు, వాయించినవాళ్ళకు పేరు. ఆయనకు మాత్రం ఆ ముద్దుపేరు ఒక్కటే. అది చాలనుకున్నాడు.

ఆ స్టూడియో మూతపడింది. యజమాని భవనాన్ని ఎవరికో కసరత్తుల హాలుకు అద్దెకిచ్చేశాడు. అరవైకి దగ్గరపడిన మనిషి ఇంటికి వచ్చి మంచం పట్టాడు. జబ్బేమీ లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు, అంతే. గడ్డం పెరిగింది. పిలిస్తే పలికేవాడు కాదు. ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. తేలిగ్గా కంగారు పడే మనిషి కాదు. మూడు నెలలు ఓపిక పట్టి, ఒక ఆదివారం పొద్దున సెల్లార్ తాళంచెవి తెచ్చి ఆయన దిండు మీద పెట్టింది. ఇంటి కింద పాత సామాను పేరుకుపోయిన గది అది.

"కింద మీ స్టూడియో మీరే పెట్టుకోండి. ఎవడూ మూసెయ్యడు" అంది.

సాయానికి వయొలిన్ తమ్ముడిని పిలిచింది. సొంత తమ్ముడు కాదు. అదే స్టూడియోలో పద్దెనిమిదేళ్ళు వయొలిన్ వాయించినవాడు. ఆయన్ని అన్నయ్యా అనీ, ఆమెను వదినా అనీ పిలిచేవాడు. వాళ్ళింట్లో ఏ డబ్బాలో ఏముందో వాళ్ళ కంటే అతనికే బాగా తెలుసు.

ముందు చెమ్మతో పని పడింది. గోడ అడుగున ఉప్పు పొంగి రంగు పెచ్చులూడుతోంది. దాన్ని గీకి, నీరు దిగని పూత రెండుసార్లు పూసి, ఒక గట్టి వాన పడేదాకా ఆగారు. గోడ పొడిగానే ఉంది. అప్పుడాయన గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టాడు. చప్పుడు రెండు గోడల మధ్య రేకు డబ్బాలో గోళీలా ఎగిరింది. మూలల్లో నిలబడి గొంతు దించి హుమ్మన్నాడు. పల్లంలో నీళ్ళు నిలిచినట్టు బరువు శబ్దమంతా అక్కడే నిలిచిపోతోంది. మూలలకు చెక్క చట్రాల్లో మందపాటి ఉన్ని దిమ్మలు కూరి పైన గుడ్డ బిగించారు. ఆయన కుర్చీలో కూర్చుంటే తమ్ముడు చేతిలో అద్దం పట్టుకుని గోడ వెంబడి మెల్లగా నడిచాడు. అద్దంలో స్పీకరు కనబడిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టారు. శబ్దం గోడకు తగిలి చెవికి వచ్చేది సరిగ్గా అక్కడి నుంచే. అక్కడ మెత్తని పలకలు బిగించారు. వెనక గోడకు పుస్తకాల బీరువా జరిపి, ఒక పుస్తకం ముందుకీ ఒకటి వెనక్కీ శబ్దం చెదిరిపోయేలా ఎగుడుదిగుడుగా సర్దారు. రెండు స్పీకర్లూ ఆయన తలా మూడూ సమాన దూరంలో ఉండాలంటే, లెక్కల టీచరు దారం పట్టి కొలిచి, "మీ తల రెండంగుళాలు వెనక్కి" అని తీర్పు చెప్పింది. ఆ రోజు ముగ్గురూ నవ్వారు.

పైకప్పు వెంట స్నానాల గది గొట్టం పోతుంది. దానికి రబ్బరు చుట్టారు. అయినా నీళ్ళు వదిలితే గుసగుసలాడేది. ఆయన పనిలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పకూడదని కట్టడి. ఆమె ఆ కట్టడిని ఒక్కనాడూ మీరలేదు.

గది లేచింది, గదితోపాటు మనిషీ లేచాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పదమూడు మెట్లు దిగి పనికి వెళ్ళేవాడు. పాతవాళ్ళ నుంచి పాటలు రావడం మొదలైంది. కంప్యూటరులో పాటలు అటూ ఇటూ పంపే వ్యవహారం ఆయనకు తలనొప్పి. "నీకెందుకన్నయ్యా ఆ బాధ, నేను పంపిస్తాలే" అని తమ్ముడు తన నెత్తిన వేసుకున్నాడు. పాట పూర్తికాగానే ఆమె కిందికి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని వినేది. చివరిదాకా విని, "బాగుందండీ" అనేది. ఇలా రెండేళ్ళు, పంతొమ్మిది పాటలు.

పంతొమ్మిదో పాట ఆయనకు ప్రాణం. ఒకావిడ ఇల్లు ఖాళీ చేసి, చివరిసారి తలుపుకు తాళం వేస్తూ పాడుకునే పాట. ఆఖరి పాదం దగ్గర ఆయన వాయిద్యాలన్నీ ఆపేశాడు. తమ్ముడు వాయించిన వయొలిన్‌ను కూడా. గొంతు ఒక్కటే దిక్కులేనట్టు నిలబడాలి. ఆ ఒక్క పాదం కోసం నాలుగు రోజులు కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ పని ఒక ఎత్తు, ఆ పది క్షణాలు ఒక ఎత్తు అని భార్యతో చెప్పుకున్నాడు కూడా.

నెల తరువాత పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వెయిటింగ్ హాల్లో రేడియో మోగుతోంది. ఉన్నట్టుండి ఆ పాట వచ్చింది. ఎదురుగా కూర్చున్న ఒక తల్లి పిల్లను ఒళ్ళో ఊపుతూ కూనిరాగం తీస్తోంది. ఆయనకు పన్ను నొప్పి మాయమైంది. ఆఖరి పాదం వస్తోంది. ఊపిరి బిగబట్టాడు. గొంతు వచ్చింది. దాని కిందే వయొలిన్ కూడా వచ్చింది. ఆగలేదు సరిగదా, ఇంకాస్త పెరిగి, గొంతును పక్కకు నెట్టి, చివరికి తానే పాట ముగించింది.

నర్సు వచ్చి పిలిచింది. ఆయన లేచి బయటికి నడిచాడు. నేరుగా తమ్ముడి ఇంటికే వెళ్ళాడు.

తమ్ముడు తలుపు తీసి, ముఖం చూసి పక్కకు తొలిగాడు. ఆయన కుర్చీ లాక్కుని, తాను చేసిన పాటలు చూపించమన్నాడు. కంప్యూటరులో ఒక ఫోల్డరు ఉంది. పంతొమ్మిది పాటలూ ఉన్నాయి. ప్రతిదీ రెండేసి. ఒకదానికి 'అన్నయ్యది' అని పేరు, రెండోదానికి 'పంపింది' అని.

"ఎన్ని మార్చావు?"

"అన్నీ, అన్నయ్యా."

దాచడానికి ఇంకేమీ మిగలలేదని తెలిసి అతను వరసగా చెప్పుకొచ్చాడు. సన్నగా కీచుమనే పైశబ్దాలు ఆయనకు వినబడటం లేదు. వినబడక తెలియకుండానే పెంచేస్తున్నాడు. మొదటి పాటనే దాని సంగీత దర్శకుడు వెనక్కి పంపాడు. 'స' అన్న చోటల్లా పాము బుస కొట్టినట్టుంది, చెవులు కోసుకుపోతున్నాయి అన్నాడు. వదినకు చెబితే ఆమె చాలాసేపు ఆలోచించి, ఆయనకు చెప్పొద్దు, నువ్వే కాస్త సరిచేసి పంపు అంది. అప్పటినుంచీ అదే నడుస్తోంది.

"ఇంకా ఎవరికి తెలుసు?"

తమ్ముడు తల వంచుకున్నాడు. పాట ఇచ్చిన వాళ్ళందరికీ తెలుసు. స్టూడియో పాతవాళ్ళకూ తెలుసు. గొణుగుడును కూడా పట్టేసే మనిషి చుట్టూ రెండేళ్ళపాటు అందరూ ఈ సంగతి మామూలు గొంతుతోనే మాట్లాడుకున్నారు. ఎదురుపడితే మాత్రం, ఏం పాముచెవులూ, బాగున్నావా అని భుజం తట్టారు. ఇంతమంది కలిసి తన చెవిలో పువ్వు పెట్టారు.

ఆయన తెర మీద పంతొమ్మిదో పాట దగ్గర వేలు పెట్టాడు. అరవలేదు.

"బుస తగ్గించావు. సరే. వయొలిన్ ఎందుకు పెట్టావు?"

తమ్ముడు కంప్యూటరు వైపు తిరిగాడు.

"అది నా చెవుల లోపం కాదు. అది నేను తెలిసి ఆపింది. నీకూ తెలుసు."

"అక్కడ మరీ ఖాళీగా అనిపించింది అన్నయ్యా."

"ఖాళీగా అనిపించిందా? నీ వయొలిన్ లేదనిపించిందా?"

ఆయన లేచాడు. గడప దాటుతుంటే, "నేను లేకపోతే నీకు ఒక్క పాటా వచ్చేది కాదు" అన్న మాట వెనక నుంచి వచ్చింది. నిజమే. నిజమైనందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆయనకు ఆ ఇంటి మెట్ల మీద అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎదురుగా కూర్చున్నాడు. తమ్ముడి ఇంటినుంచి వస్తున్నానన్నాడు. ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

"మీరు మళ్ళీ గోడవైపు తిరుగుతారేమోనని భయపడ్డాను" అంది.

"పంతొమ్మిదిసార్లు బాగుందన్నావు."

"అన్నాను."

"పిల్లవాడు లెక్క తప్పు చేస్తే రైటు కొడతావా?"

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, తప్పయిందనీ అనలేదు. నిజం చెప్పి ఉంటే ఆ రోజే మీరు మెట్లెక్కి మళ్ళీ మంచం మీద పడేవారు, ఇప్పుడైనా నేను చేసింది తప్పని నాకు అనిపించడం లేదు అంది. ఆయనకు కోపం కంటే సిగ్గెక్కువైంది. కుళాయి తిప్పకుండా ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నది దేనికి? ఎలాగూ మారిపోయే పాటకు. వయొలిన్ సంగతి ఆమెకు తెలియదట. ఆ మాట నమ్మాలో లేదో కూడా ఆయనకు తెలియలేదు. నమ్మకమనేది ఒక మూల విరిగితే, మిగతా మూడు మూలలూ నొక్కి చూసుకోవలసిందే కదా.

పదిహేను రోజులు ఒకే ఇంట్లో పరాయివాళ్ళలా తిరిగారు. ఆయన చెవుల డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడగానే మీట నొక్కమన్నారు. చాలాసేపు నొక్కకుండా కూర్చున్నాడు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడు. డాక్టరమ్మ చూపించిన కాగితం మీద గీత సగం దూరం తిన్నగా వెళ్ళి, అక్కడినుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. ఏళ్ళ తరబడి పెద్ద చప్పుళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళకు ఇలాగే అవుతుందట. అన్నం పెట్టిన పనే చెవులను మెల్లగా తినేసింది.

తరువాత ఆయన రెండు పనులు చేశాడు. పాటలు పంపే పద్ధతి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుని సొంతంగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక మొట్టమొదట పంపింది, ఆ పంతొమ్మిదో పాట, దాని సంగీత దర్శకుడికి, తాను చేసింది చేసినట్టుగా. దానికి నాలుగు ముక్కలు జోడించాడు: పైశబ్దాల తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను; ఆఖరి పాదంలో నిశ్శబ్దం మాత్రం తప్పు కాదు; ఒక్కసారి వినండి.

పది రోజులకు జవాబు వచ్చింది. బుస సంగతి నిజమేనని రాశాడు. "కానీ ఆ నిశ్శబ్దం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే అదే ఉంచేవాళ్ళం. ఇప్పుడు పాట జనంలోకి వెళ్ళిపోయింది, ఏమీ చేయలేం." ఆయన ఆ ఉత్తరాన్ని భార్య ముందు పెట్టి మెట్లు దిగి కిందికి వెళ్ళాడు. ఆమె చదివింది. ఆ రోజు తమ్ముడికి ఫోను చేసి ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఆయన అడగలేదు. అతను మాత్రం ఆ తరువాత ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఇప్పుడు పనులు తగ్గాయి. నెలకొకటి వస్తే గొప్ప. బరువు శబ్దాలూ, గొంతూ, ఎవరు ముందు ఎవరు వెనక అన్నదీ ఆయన చూసుకుంటాడు. పైశబ్దాల దగ్గరికి వచ్చేసరికి భార్యను పిలుస్తాడు. ఆమె పీట మీద కూర్చుని, మొహమాటం లేకుండా, గిన్నె గీకుతున్నట్టుంది అంటుంది. ఆయన తగ్గిస్తాడు. ఇంకా గీకుతోంది అంటుంది. మళ్ళీ తగ్గిస్తాడు. ఇప్పుడు సరిపోయింది అని ఆమె అన్నాక, ఆయన మీట మీదినుంచి చెయ్యి తీయడు. కుర్చీ తిప్పి ఆమె ముఖం వంక చూస్తాడు. స్పీకర్లలో తనకు వినబడనిది ఆ ముఖంలో ఏమైనా కనబడుతుందేమోనని, ఆమె రెప్ప వాల్చేదాకా చూస్తాడు.