షట్టర్ దించే వేళ పాట

పుస్తకాల షాపు అక్క షట్టర్ దించే వేళకి, మెట్టు మీద స్టూలు వేసుకుని ఫిడేలు వాయించే అతను తప్పకుండా ఒక పాట ఎత్తుకునేవాడు. అది ఆమె తల్లి పాడిన జోలపాట. ఒక వానరోజు అతన్ని లోపలికి పిలిచి, పాత నవలల కట్టల మధ్య కూర్చోబెట్టి, ఆమే కూనిరాగం తీసి నేర్పింది.

"ఇది మనింటి పాట తమ్ముడూ. ఇంకెక్కడా వాయించకు," అంది.

"నీ మీద ఒట్టక్కా. నీ షట్టర్‌కే," అన్నాడతను.

తొమ్మిదేళ్లు ఆ మాట మీదే ఉన్నాడు. ఈమధ్య రెండు వారాలుగా అయిపు లేడు. జ్వరమేమోనని ఆమె కంగారుపడింది. అతని స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఇంతలో పెద్దరోడ్డులో నాలుగంతస్తుల పుస్తకాల షాపు వెలిసింది. వచ్చినవాళ్లంతా దాని గొప్పలే చెబుతుంటే ఒళ్లు మండి, దాని సంగతేంటో చూద్దామని ఒక సాయంత్రం వెళ్లింది. అట్టలు మెరుస్తున్నాయి గానీ, ఏ పుస్తకం ఎలాంటిదో చెప్పే మనిషి ఒక్కడూ లేడని మూతి విరిచింది.

సరిగ్గా ఎనిమిదింటికి స్పీకర్లలో ఫిడేలు మోగింది. తల్లి పాటే. రెండో చరణంలో ఆమె రాగం మరిచిపోయి సాగదీసి నేర్పిన చోట, ఫిడేలు కూడా అచ్చం అలాగే సాగదీసింది. మెట్ల పక్కన నిలువెత్తు ఫొటోలో, కొత్త కోటు తొడుక్కుని తమ్ముడు నవ్వుతున్నాడు.

కదలకుండా నిలబడిపోయిన ఆమె దగ్గరికి గార్డు వచ్చాడు.

"మూసే టైమైంది మేడమ్. ఈ పాట వినబడితే బయటికి వెళ్లాలన్నమాట," అన్నాడు మర్యాదగా. "మీకు కొత్తనుకుంటా."