వంటింటి అద్దం మీద చప్పుడు

మావారు పోయిన ఏడాదికి, నేపర్‌విల్‌లోని మా ఇంటికి కొత్త కిటికీలు వేయించాల్సి వచ్చింది. పాతవాటి సందుల్లోంచి ఒకటే చలిగాలి. కొలతలకు ఒకతను వచ్చాడు.

"వంటింట్లో తెరుచుకోని గ్లాస్ పెట్టిద్దాం అమ్మా, అస్సలు చలి రాదు" అంది మా అమ్మాయి. సరేనన్నాను.

ఆ కిటికీ అవతలే మావారి కూరగాయల మడి. మట్టికాళ్ళతో లోపలికి రాలేక, కాఫీ కోసం అద్దం మీద వేలితో కొట్టేవారు. నేను కిటికీ పైకెత్తి కప్పు అందించేదాన్ని.

కొలతలతను పెరట్లోకి వెళ్ళాడు. నేను కాఫీ కలుపుతున్నాను. అద్దం మీద టక్ టక్‌మని చప్పుడైంది.

"ఉండండి, తెస్తున్నా!" అంటూ కప్పుతో పరుగెత్తి కిటికీ ఎత్తాను. ఎదురుగా టేపు పట్టుకుని అతను.

"ఆర్ యూ ఓకే, మేడమ్?" అన్నాడు తెల్లబోయి.

సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కప్పు అతని చేతికే ఇచ్చేశాను. అంతా చూసిన మా అమ్మాయి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది.

"తెరుచుకునేదే పెట్టిద్దాం అమ్మా" అంది.

అదే పెట్టించాం. ఆనాటి సిగ్గు ఎప్పుడో పోయింది. కానీ స్టవ్ దగ్గర్నుంచి కిటికీ దాకా పరుగెత్తినంతసేపూ ఆయన బయట నిజంగానే ఉన్నారు. ఆ కాసేపు మళ్ళీ ఒక్కసారి దొరికితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.