వానలో ఊరేగింపు

ఊరి పండుగనాడు గుడిలోని పునీత రోకే చెక్క స్వరూపానికి బట్టలు తొడిగే పని ఎపిఫానియాది. ముందు ఆయన కాళ్ల దగ్గరున్న చెక్క కుక్కను తుడుస్తుంది, దాని నోట్లోని రొట్టెమీద దుమ్ము ఊదుతుంది, ఆ తర్వాతే ఆయన దగ్గరకొస్తుంది. "ఎంత పెద్దవాడివైనా గుండీలు నేనే పెట్టాలి కదా నాయనా" అని సణుగుతూ అంగీ సర్దుతుంది. ఈమధ్య ఆమెకు మనుషుల పేర్లు జారిపోతున్నాయి గానీ, వేళ్లు మాత్రం ఒక్క మడత కూడా మర్చిపోలేదు.

ఈసారి స్వరూపాన్ని ఊరేగింపుకు మోసేవాళ్లు గుడిలోకి వచ్చేసరికి సముద్రం మీంచి వాన అందుకుంది. బయట పండుగ ఆనవాయితీగా ఒంటికి మసి పూసుకున్నవాళ్లు డప్పులకు చిందులేస్తున్నారు. ఎపిఫానియా స్వరూపాన్ని రెండు చేతులా వాటేసుకుంది. "ఈ వానలో నా బిడ్డని పంపను."

"ఊరంతా తడుస్తుంటే ఆయనొక్కడికే జలుబా మామ్మా?" అని ఒకడు నవ్వాడు. ఫాదర్ గారు బతిమాలినా ఆమె వదల్లేదు. చివరికి కూతురు లుర్దెస్ వచ్చి ఆమె భుజం నిమిరింది. "సాయంత్రానికల్లా వచ్చేస్తాడమ్మా. వదులు."

ఆమె మెల్లగా చేతులు తీసేసింది. స్వరూపం గుమ్మం దాటగానే జనం జేజేలు కొట్టారు. ఎపిఫానియా కూతురి ముఖంలోకి చూసింది.

"నీ తమ్ముడు పడవెక్కిన రోజు కూడా ఇలాగే చెప్పావే."

ఒడ్డుకు చేరని ఆ తమ్ముడి మాట తల్లి నోట విని చాలా ఏళ్లయింది. తల్లి పొడి తువ్వాలొకటి ఒళ్లో పెట్టుకుని, గుమ్మంలో వానకేసి చూస్తూ కూర్చుంది.