తక్కెడల వరసలో గిటార్

గిటార్ మాట ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రాయగడలో మాది చింతపండు, మిరపకాయల టోకు కొట్టు. ఉన్న మోటార్‌సైకిల్ అమ్మేసి, దాచుకున్నదంతా ఊడ్చి, విశాఖపట్నంలో కొన్నాను ఆ గిటార్‌ని. మామూలుది కాదు. ఊరికే మీటితే కర్ర గిటార్‌లా మెత్తగా పలికేది. వైరు తగిలించి చిన్న మర తిప్పితే అదే ఎలక్ట్రిక్ గిటార్ అయిపోయి గోడలు అదరగొట్టేది. మా నాన్న మాత్రం రెండేళ్లపాటు దాన్ని కన్నెత్తి చూడలేదు. బేరగాళ్ల ముందు మావోడి ఆటబొమ్మ అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నేను మిరప ఘాటుకి తుమ్ముతూ పళ్లు నూరుకునేవాణ్ణి.

దామంజోడి టౌన్‌షిప్‌లో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. వాళ్ల గిటారిస్టు మానేశాడని తెలిసి, లక్ష్మీపూర్ మీదుగా రైల్లో వెళ్లి వాయించి వచ్చాను. ఆ ఆర్కెస్ట్రా పెద్దమనిషి నా వేళ్లకేసి చూస్తే ఒట్టు. గిటార్‌నే తిప్పి తిప్పి చూశాడు. రెండు రకాల పాటలకీ ఇదొక్కటి చాలు, ఇద్దరు మనుషులక్కర్లేదు, దసరా వెళ్లిన మర్నాడు ప్రోగ్రాం ఉంది, దీంతో సహా వచ్చెయ్యి, చోటు నీదే అన్నాడు. కొట్టు గద్దె మీంచి లేచిపోవడానికి నాకు దొరికిన దారి అదొక్కటే. అమ్మ చెవిన వేశాను. అమ్మ నాన్నకి చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు, అంతే.

దసరా పూజకి మా కొట్టు సామానంతా కడగాలి. తక్కెడలు, తూకం రాళ్లు, బస్తాలు లాగే కొక్కేలు, అన్నీ నాన్నే చింతపండు పెట్టి తోమి, కుళాయి కింద కడిగి, ఎండలో ఆరబెట్టి, పసుపు కుంకుమలు పెడతాడు. ఆ పని ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఆ పొద్దున్న నన్ను బంతిపూలకి బజారుకి పంపారు. తిరిగి వచ్చేసరికి పెరట్లో, తక్కెడల వరసలో, నా గిటార్ ఎండలో నీళ్లోడుతూ ఉంది.

పరుగెత్తి ఎత్తాను. కన్నంలోంచి నీళ్లు బుడబుడా నా కాళ్ల మీద పడ్డాయి. చెక్క అప్పటికే ఉబ్బింది. తుడిచి వైరు తగిలిస్తే కిమ్మనలేదు.

పండగ పూట, వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. నా బతుకు నీళ్లపాలు చేశావన్నాను. నాన్న తడి చేతులు పంచెకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నీ పనిముట్టని కడిగేన్రా," అన్నాడు. "నా తక్కెడ కడగనేటి?"

రెండేళ్లుగా ఆ మాట కోసమే కదా చచ్చాను! అది అనడానికి ఆయనకి ఆ పొద్దే దొరికింది. కక్షకొద్దీ చేసుంటే ఎంత బాగుండేది, జన్మంతా హాయిగా తిట్టుకునేవాణ్ణి.

దామంజోడికి కబురు చేస్తే, గిటార్ బాగయ్యాక రమ్మన్నారు. గిటార్ లేని నేను వాళ్లకెందుకు? జయపురంలో రేడియోలు బాగుచేసే అతను మూత విప్పి చూసి, మళ్లీ బిగించి ఇచ్చేశాడు. విశాఖపట్నం కొట్టువాడు చెక్క పోయిందన్నాడు. నేను వచ్చి గద్దె మీద కూర్చున్నాను. ఇంకా అక్కడే ఉన్నాను.

మరుసటి దసరాకి నాన్నే అటక మీంచి దాన్ని దింపాడు. తక్కెడలన్నీ ఎప్పట్లాగే కుళాయి కింద కడిగాడు. గిటార్‌ని మాత్రం ఒళ్లో పెట్టుకుని, పొడిగుడ్డతో, తీగల సందుల్లో కూడా, నెమ్మదిగా తుడిచాడు.